నాలుగవ ఫ్రెడరిక్: తరంగంబాడికి బోధకులను పంపిన రాజు

శతాబ్ది సంచికలలో ఉపకారులను స్మరించుకోవడము మన సంఘములలో ఆనవాయితీ. గుడి కట్టించినవారు, బడి పెట్టినవారు, ఆసుపత్రికి స్థలమిచ్చినవారు, వీరి పేర్లన్నీ ఈ సంచికలో ఉండనే ఉంటాయి. ఆ పేర్లన్నిటికంటె వెనుకకు, మన జిల్లాలలో మిషనెరీలు అడుగుపెట్టక పూర్వమునకు వెళ్లితే మనకొక రాజు కనబడతాడు. ఆయన డెన్మార్కు, నార్వే దేశములకు రాజు. పేరు నాలుగవ ఫ్రెడరిక్. 1705లో ఆయన తలపెట్టకపోతే జీగెన్‌బాల్గ్, ప్లుచౌ దొరలు 1706 జూలై 9వ తేదీన తరంగంబాడి తీరమున దిగి ఉండేవారు కారు. ఈ దేశములో ప్రొటెస్టెంటు మిషను ఆ దినముననే ఆరంభమైనదని సండే స్కూలు పిల్లలకు చెబుతాము. వారిని పంపిన రాజు ఎట్టివాడని మాత్రము పిల్లలు అడుగరు, పెద్దలును అడుగరు. అడిగితే జవాబు చెప్పడము అంత సులువు కాదు. అయినను వంద సంవత్సరముల పండుగ చేసుకొనే సంఘము ఆ జవాబు వినగలదని నా నమ్మకము.

ముందుగా ఆయన వంశము సంగతి. ఓల్డెన్‌బర్గ్ అనేది ఉత్తర జర్మనీలో ఒక చిన్న జమీ వంటిది. దాని ప్రభువును కౌంటు అంటారు. 1448లో డెన్మార్కు సింహాసనము ఖాళీ అయినప్పుడు అక్కడి పెద్దలు ఆ కౌంటును పిలిచి రాజుగా ఎన్నుకొన్నారు. ఆయనే మొదటి క్రిస్టియన్. నాటినుండి ఆ వంశము వేళ్లు ఎంత దూరము పాకినవో చెబితే ఆశ్చర్యము కలుగుతుంది. డెన్మార్కు, నార్వే, గ్రీసు, రష్యా సింహాసనముల మీద దాని శాఖలవారు కూర్చున్నారు. 2022లో ఇంగ్లండు రాజైన మూడవ ఛార్లెస్ కూడ తండ్రి తరఫున ఈ వంశస్థుడే. తాత పేరు మనుమనికి పెట్టడము మన ఇండ్లలో వాడుక. వీరి యింట అది శాసనము వంటిదైనది. 1513 మొదలు 1972 వరకు డెన్మార్కులో ఒక క్రిస్టియన్ తరువాత ఒక ఫ్రెడరిక్, ఒక ఫ్రెడరిక్ తరువాత ఒక క్రిస్టియన్, ఇంకొక పేరుగల రాజు లేడు. చరిత్ర పరీక్షకు చదివే విద్యార్థులకు ఇంతకంటె పెద్ద శోధన లేదు.

ఆ వరుసలో మూడవ క్రిస్టియన్ మనకు ముఖ్యుడు. పదునేడేండ్ల ప్రాయములో 1521లో వోర్మ్స్ నగరమున జరిగిన సభకు వెళ్లి, మార్టిన్ లూథరు చక్రవర్తి యెదుట నిలువబడడము కండ్లారా చూచినవాడు. రాజైన తరువాత 1536లో బిషప్పులను చెరలో వేయించి, మఠముల భూములన్నిటిని రాజు ఖాతాలో కలుపుకొని, దేశమంతటిని లూథరన్ సంఘముగా మార్చివేశాడు. మరుసటి యేట లూథరు స్నేహితుడైన బుగెన్‌హాగెన్ వచ్చి ఆయనకు కిరీటము పెట్టాడు, కొత్త బిషప్పులకు అభిషేకము చేశాడు. సంఘ సంస్కరణ పండుగనాడు మనము దీనిని సంతోషముగా చెప్పుకొంటాము. దాని ఫలితమొకటి మాత్రము చెప్పుకొనము. పోపు అధికారము పోయినది గాని అది సంఘము చేతికి రాలేదు, రాజు చేతికి వచ్చినది. బిషప్పును నియమించువాడు రాజు, తీసివేయువాడు రాజు.

నాలుగవ క్రిస్టియన్ కాలములో 1616లో డేనిష్ ఈస్టిండియా కంపెనీ పుట్టింది. 1620లో ఆ కంపెనీవారు తంజావూరు ప్రభువైన రఘునాథ నాయకునితో ఒడంబడిక చేసికొని తరంగంబాడి అనే సముద్రపు పల్లెలో డాన్స్‌బోర్గ్ అనే కోట కట్టుకొన్నారు. ఈ రఘునాథ నాయకుడు తెలుగువాడు, తెలుగులో కావ్యములు రాసిన కవి. తమిళదేశపు తీరమున డేన్లకు చోటిచ్చినవాడు తెలుగు రాజని మనవారిలో ఎక్కువమంది ఎరుగరు. కంపెనీవారు వచ్చినది మిరియములకును బట్టలకును. 86 సంవత్సరములు వారచ్చట వ్యాపారము చేసికొన్నారు. వారి పాదిరీలు కోటలోని డేన్లకు ఆరాధన నడిపారు. కోట వెలుపలి జనులకు సువార్త చెప్పవలెనని ఒక ఏర్పాటు చేసినవారు లేరు.

మూడవ ఫ్రెడరిక్ 1660లో ప్రభువుల సభ అధికారమును తీసివేసి తాను వంశపారంపర్యపు రాజయ్యాడు. 1665లో ఒక రాజశాసనము రాయించాడు. దాని ప్రకారము రాజుకు పైన దేవుడు తప్ప న్యాయాధిపతి లేడు. ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణమును కాపాడవలెను, రాజ్యమును ముక్కలు చేయరాదు, ఈ శాసనమును తగ్గించరాదు, రాజును కట్టిపడవేసిన నియమములు దాదాపు ఇవే. యూరపులో ఇంత నిరంకుశమైన అధికారమును కాగితము మీద ఇంత స్పష్టముగా రాసికొన్న రాజ్యము మరొకటి లేదంటారు. చాలాకాలము బీరువాలో ఉన్న ఆ శాసనమును 1709లో అందంగా చెక్కించి అచ్చు వేయించినవాడు మన ఫ్రెడరిక్. ఈ సంగతి పాఠకులు జ్ఞాపకముంచుకోవాలి. రాబోయే కథ అంతయు దీనిమీద ఆధారపడి ఉన్నది.

ఫ్రెడరిక్ 1671 అక్టోబరు 11వ తేదీన కోపెన్‌హేగెన్‌లో పుట్టాడు. తండ్రి అయిదవ క్రిస్టియన్ వేటగాడు, సరదాల మనిషి. తల్లి షార్లెట్ అమాలీ జర్మనీలోని హెస్సే-కాసెల్ ఇంటి ఆడపడుచు. ఆమె కాల్విను మతస్థురాలు. లూథరన్ రాజ్యమునకు రాణి అయినను తన విశ్వాసమును విడువక, తనవారికి రాజధానిలో ఒక గుడి కట్టించిన గట్టి మనిషి. తండ్రి ఒక ఉంపుడుకత్తెను బహిరంగముగా ఉంచుకొని, ఆమెకు కౌంటెస్ బిరుదిచ్చి, ఆమె పిల్లలను కొలువులో పెట్టుకొన్నాడు. రాణి పిల్లలును ఆ పిల్లలును ఒకే దర్బారులో పెరిగారు. బాలుడు ఏమి నేర్చుకొంటాడో వేరే చెప్పనక్కరలేదు. చదువు సైతము ఆయనకు సరిగా చెప్పించలేదు. పెద్దవాడైన తరువాత ఆ లోటు ఆయనను బాధించినట్లు కనబడుతుంది, ఎందుకంటే ఆయన చేసిన మంచి పనులలో చాలా భాగము బడులకు సంబంధించినవే.

1695లో మెక్లెన్‌బర్గ్ రాజకుమారి లూయీజ్‌ను వివాహమాడాడు. 1699 ఆగష్టులో తండ్రి మరణించగా 27 సంవత్సరముల వయస్సున సింహాసనమెక్కాడు. ఎక్కగానే యుద్ధమునకు దిగాడు. స్వీడను రాజు పన్నెండవ ఛార్లెస్ అప్పటికి పదునెనిమిదేండ్ల కుర్రవాడు, వానిని లొంగదీయడము తేలిక అనుకొన్నాడు. ఆ కుర్రవాడు 1700లో సేనతో కోపెన్‌హేగెన్ దాపున దిగేసరికి కొద్ది వారములలోనే సంధి చేసికొనవలసి వచ్చింది. తరువాతి తొమ్మిదేండ్లు యుద్ధము లేదు. ఆ మధ్యకాలములోనే మన కథ నడిచింది.

ఆయన పనిలో సోమరి కాడు. లెక్కలు తానే చూచేవాడు, జనుల అర్జీలు తానే చదివేవాడు. 1702లో సీలండు ద్వీపములోని రైతులను భూస్వాముల చేతిలో కట్టుబానిసలవలె ఉంచే పాత ఆచారమును రద్దు చేశాడు. అయితే తాను రాజైన తరువాత పుట్టినవారికే ఆ విడుదల. అంతకు ముందు యేడే పల్లె యువకులను సైన్యపు దళము పేరిట తమ ఊరికి కట్టివేసే ఏర్పాటు చేశాడు. ఒక చేత విప్పి మరొక చేత కట్టడము ఆయన జీవితమంతటా కనబడుతుంది.

1704లో బెర్లిను నుండి లూట్కెన్స్ అనే బోధకుని తన ఆస్థాన పాదిరీగా పిలిపించుకొన్నాడు. వాక్యధ్యానము, మారుమనస్సు, భక్తిగల నడవడి కావలెనని బోధించే పైటిస్టు ఉద్యమము అప్పుడు జర్మనీలో బలముగా ఉన్నది. లూట్కెన్స్ దానికి మిత్రుడు. 1705లో రాజు ఆయనను పిలిచి, తన అధికారము క్రిందనున్న తూర్పు దేశపు జనులకు సువార్త ప్రకటించుటకు తగిన మనుష్యులను వెదకుమని ఆజ్ఞాపించాడు. రాజు మనస్సులో ఏమున్నదో పండితులు ఇప్పటికిని వాదులాడుతున్నారు. తన ప్రజల ఆత్మలకు తాను దేవుని యెదుట ఉత్తరవాదినన్న భయము నిజముగా ఉన్నదని నేను అనుకొంటాను. నిరంకుశాధికారమును నమ్మినవాడు ఆ ఉత్తరవాదిత్వమును కూడ నమ్మాలి గదా.

డెన్మార్కులో తగినవారు దొరకలేదు. లూట్కెన్స్ బెర్లినులోని స్నేహితులకు రాశాడు. పుల్స్‌నిట్జ్ వాడైన బర్తొలొమేయు జీగెన్‌బాల్గ్ 23 ఏండ్లవాడు. తలిదండ్రులు చిన్ననాటనే పోయారు, ఆరోగ్యము అంతంతమాత్రము. హాలే పట్టణములో ఫ్రాంకే బోధకుని దగ్గర కొన్నాళ్లు చదువుకొన్నవాడు. హెన్రిక్ ప్లుచౌ ఆయనకంటె కొంచెము పెద్ద. వీరిద్దరు కోపెన్‌హేగెన్ చేరారు. అచ్చటి బిషప్ బోర్నెమాన్‌కు పైటిస్టులన్న పడదు, అభిషేకమునకు ముందు జరిగిన పరీక్షలో వీరిని నెగ్గనివ్వలేదు. రాజు మరల పరీక్షించుమన్నాడు. ఈసారి నెగ్గారు. 1705 నవంబరు 11వ తేదీన అదే బిషప్ వారికి అభిషేకము చేశాడు. ఆ నెలాఖరున వారు సోఫియా హెడ్విగ్ అనే ఓడ ఎక్కారు. ఆ పేరు రాజుగారి చెల్లెలిది. ఆమెను మరల కలుసుకొంటాము.

ఏడు నెలల ప్రయాణము చేసి తరంగంబాడి చేరినవారికి కోట కమాండరు హాసియస్ స్వాగతము చెప్పలేదు. కాళ్లు నిలుపుకొనే చోటైనను చూపక వీధిలో వదలిపెట్టాడు. మిషనెరీలను ముందుకు సాగనీయవద్దని కంపెనీ డైరెక్టర్లు కోపెన్‌హేగెన్ నుండి ఆయనకు లోపాయికారీగా సూచించారని చరిత్రకారులు చెబుతారు. రాజముద్ర ఒకటి, కంపెనీ లాభము మరొకటి. అయినను వారు తమిళము నేర్చారు, బడి పెట్టారు, 1707లో చిన్న గుడి కట్టారు. 1708 నవంబరులో కమాండరు జీగెన్‌బాల్గ్‌ను కోటలో బంధించి నాలుగు నెలలు ఉంచాడు. ఎండ వేడికి, ఒంటరితనమునకు ఆయన అక్కడ నలిగిపోయారు.

ఆ నాలుగు నెలలు రాజు ఎక్కడున్నాడు? వెనిసు నగరములో. 1708-09 చలికాలము యూరపు ఎరిగిన చలికాలములలో కెల్ల ఘోరమైనది. వెనిసు కాలువలు సైతము గడ్డకట్టాయి. అయినను ఉత్సవములు ఆగలేదు. ఇటలీ అంటే ఫ్రెడరిక్‌కు యువరాజుగా ఉన్ననాటినుండి మోజు. సంగీత నాటకములు, విందులు, ముసుగు నాట్యములు, గాజు సామగ్రి, వీటికై ధనము నీళ్లవలె పోశాడు. కోటలో బంధింపబడిన బోధకుని సంగతి ఆయనకు అప్పటికి తెలియదు. ఉత్తరము చేరడానికే ఎన్నో నెలలు పట్టేది. కాబట్టి ఆ నేరము ఆయన మీద మోపను. ఆ రెండు దృశ్యములను పక్కపక్కన పెట్టి చూడక ఉండలేను, అంతే.

తెలిసిన తరువాత ఆయన వారి పక్షమున నిలిచాడు. ఇది ఒప్పుకోవాలి. కమాండరుకు ఆజ్ఞలు వెళ్లాయి. మిషనుకు ఖజానానుండి ఏటేట సొమ్ము ఏర్పాటైనది. 1714లో మిషను వ్యవహారములు చూచుటకు కోపెన్‌హేగెన్‌లో మిషను కాలేజీ అనే సభను స్థాపించాడు. పేరు కాలేజీ అయినను అది బడి కాదు, మన మిషను బోర్డు వంటిది. 1715లో జీగెన్‌బాల్గ్ స్వయముగా యూరపు వచ్చినప్పుడు రాజు రాజధానిలో లేడు, స్ట్రాల్‌సుండ్ పట్టణమును ముట్టడించే సేనతో ఉన్నాడు. పన్నెండవ ఛార్లెస్ ఆ పట్టణములోపల ఉన్నాడు. ఫిరంగుల మధ్య ఆ శిబిరమునకు జీగెన్‌బాల్గ్ వెళ్లారు. యుద్ధము చేస్తున్న రాజు తీరిక చేసికొని ఆయన మాటలు విన్నాడు. తమిళ క్రొత్త నిబంధన ఆ సంవత్సరమే తరంగంబాడిలో అచ్చు పూర్తయింది. 1718లో కొత్త యెరూషలేము గుడి ప్రతిష్ఠింపబడినది. దాని ముఖద్వారము మీద కిరీటమును, ఫ్రెడరిక్ పేరు చిహ్నమును చెక్కారు. ఇప్పుడు వెళ్లినవారును చూడవచ్చును.

అయితే ఆ మిషను కాలేజీయే జీగెన్‌బాల్గ్‌ను కుంగదీసినది. దాని కార్యదర్శి వెండ్ట్ మంచి భక్తుడు, ఇండియా ముఖము చూడనివాడు. అపొస్తలులవలె చేత సంచి లేక తిరగవలెను, గుడులు బడులు ఎందుకని కోపెన్‌హేగెన్‌లో కూర్చుండి కటువైన ఉత్తరములు రాశాడు. గుడి కట్టించి అలసిన మనిషికి ఆ ఉత్తరములు గాయమును రేపాయి. 1719 ఫిబ్రవరి 23వ తేదీన జీగెన్‌బాల్గ్ 36 ఏండ్ల వయస్సున మరణించి తాను కట్టిన గుడిలోనే సమాధి చేయబడ్డారు.

ఇక రాజు ఇంటి సంగతి. దాచిపెట్టి రాయవచ్చును, అనేకులు అట్లే రాశారు. వివాహపు రిజిస్టరులో సంతకము చేసే చేతితో దానిని దాచిపెట్టడము నా వలన కాదు.

లూయీజ్ రాణి బ్రతికియుండగనే 1703లో ఎలిజబెత్ ఫన్ వీరెగ్ అనే కన్యను ఆయన రెండవ వివాహము చేసికొన్నాడు. ఉంచుకొనలేదు, వివాహము చేసికొన్నాడు. ఆమె మరుసటి యేట ప్రసవములో మరణించింది, బిడ్డ కూడ దక్కలేదు. ఈ లెక్కన తరంగంబాడికి బోధకులను పంపవలెనన్న తలంపు ఆయనకు కలిగినది ఆ సమాధి మీద మన్ను ఆరని రోజులలోనే. ఆ దుఃఖమే ఆ తలంపునకు మూలమని కొందరికి తోచవచ్చును. నేను అంతదూరము పోను.

1711లో కోపెన్‌హేగెన్‌కు ప్లేగు వచ్చింది. ఇరవై వేలకు పైగా చనిపోయారు, అంటే నగరములో ఇంచుమించు మూడవ వంతు. ఆ యేడే కోల్డింగ్ కోటలో జరిగిన ముసుగు నాట్యములో రాజు ఆన్నా సోఫీ రెవెంట్లో అనే పదునెనిమిదేండ్ల యువతిని చూచాడు. ఆమె తండ్రి కాలము చేసిన మహామంత్రి. తల్లి ఒప్పుకొనలేదు. 1712 జూన్‌లో రాజు ఆమెను వారి క్లౌస్‌హోల్మ్ కోటనుండి ఎత్తుకొనిపోయి స్కాండర్‌బోర్గ్‌లో వివాహమాడాడు. లూయీజ్ రాణి అప్పుడును బ్రతికే ఉన్నది. తొమ్మిది సంవత్సరములు రెండు కాపురములు నడిచాయి. 1721 మార్చిలో లూయీజ్ మరణించింది. ఏప్రిల్ 4వ తేదీన, రాణిని సమాధి చేసిన మరునాడే, ఆన్నా సోఫీని మరల వివాహమాడి రాణిగా ప్రకటించాడు.

ఆయన తండ్రి 1683లో వెలువరించిన డేనిష్ ధర్మశాస్త్రము ప్రకారము సామాన్యుడు వ్యభిచరిస్తే శిక్ష. ఒక భార్య ఉండగా మరియొకతెను పెండ్లాడిన రైతును ఏ పాదిరీయు విడిచిపెట్టేవాడు కాడు. రాజు విషయములో బిషప్పులు ఏమి చేశారు? ఏమియు చేయలేదు. ఇక్కడ లూథరన్ సంఘ చరిత్రలోని పాత మచ్చ ఒకటి జ్ఞాపకమునకు వస్తుంది. 1540లో హెస్సే ప్రభువైన ఫిలిప్పు మొదటి భార్య ఉండగా రెండవ వివాహము చేసికొనుటకు లూథరు, మెలాంక్తన్ రహస్యముగా సమ్మతించారు. ఆ ఫిలిప్పు ఎవరో కాడు, ఫ్రెడరిక్ తల్లికి పూర్వీకుడు. ఒకసారి పెద్దలు ఇచ్చిన సమ్మతి నూట అరువది యేండ్ల తరువాత మునిమనుమల ఇంట ఇట్లు ఫలించినది.

ప్రసంగములలో మనము ఇట్టివారిని కోరెషుతో పోల్చి సరిపెట్టుకొంటాము. ఆ పోలిక ఇక్కడ కుదరదు. కోరెషు యెహోవాను ఎరుగనివాడు. ఫ్రెడరిక్ బాప్తిస్మము పొంది, ప్రభురాత్రి భోజనములో చేయి వేసినవాడు. దావీదుతో పోల్చుదామంటే దావీదుకు నాతాను ఉన్నాడు. ఫ్రెడరిక్ రాజ్యములో నాతాను జీతము రాజే ఇచ్చేవాడు. నాకు తోచినది ఇది. నెగ్గనివ్వని బిషప్‌ను లొంగదీసి జీగెన్‌బాల్గ్‌కు అభిషేకము చేయించిన అధికారమును, ఇద్దరు భార్యల కాపురమును చూచి బిషప్పుల నోళ్లు మూయించిన అధికారమును ఒక్కటే. సంఘము మొదటి దానికి స్తోత్రము చెల్లించి రెండవ దానికి తల దించుకొన్నది. మొదటిదానిని అంగీకరించిన నాడే రెండవదాని నడ్డగించే బలము పోగొట్టుకొన్నదని కూడ అనవచ్చును.

నాతాను పని చేసినవారు ఇంటివారే. తమ్ముడు కార్లును, చెల్లెలు సోఫియా హెడ్విగ్‌ను 1721లో దర్బారును విడిచి పల్లెపట్టుననున్న వెమ్మెటోఫ్టే భవనమునకు వెళ్లిపోయారు. ఆ చెల్లెలి పేరుగల ఓడయే మన మొదటి మిషనెరీలను తెచ్చినది. పెద్ద కుమారుడు యువరాజు క్రిస్టియన్ తల్లికి జరిగిన అవమానమును మరువలేదు.

ఆన్నా సోఫీకి పుట్టిన ఆరుగురు పిల్లలలో ఒక్కరును దక్కలేదు, అందరు పసితనములోనే పోయారు. అది తన పాపమునకు దేవుడిచ్చిన శిక్ష అని రాజు నమ్మాడు. పసిబిడ్డల మరణమును అట్లు వివరించడము నాకు ఇష్టము లేదు, యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయము చదివినవారెవరికిని ఇష్టముండదు. అయినను ఆయన అట్లే నమ్మాడు, ఆ భయముతోనే చివరి పది సంవత్సరములు బ్రతికాడు.

ఆ పది సంవత్సరములలో ఆయన చేసిన పనులు చిన్నవి కావు. 1720లో స్వీడనుతో సంధి జరిగి ఇరవై యేండ్ల యుద్ధము ముగిసింది. 1721 మొదలు 1727 వరకు రాజు సొంత భూములలోని పల్లెలలో 240 బడులు ఇటుకతో కట్టించాడు. రైతుల పిల్లలకు చదవడము, మత విషయములు నేర్పేవారు. ప్రతి బడి గుమ్మము మీద రాజు పేరు చిహ్నముతో ఒక రాతిపలక. వాటిలో కొన్ని కట్టడములు నేటికిని నిలిచియున్నాయి. 1721లోనే నార్వే పాదిరీ హాన్స్ ఎగెదె భార్యా బిడ్డలతో గ్రీన్‌లాండు మంచుదేశమునకు సువార్తికుడై వెళ్లినది ఈ రాజు అనుమతితోను సహాయముతోను. అంతకుముందే నార్వే ఉత్తరమున సామీ జనుల మధ్య తోమస్ ఫన్ వెస్టెన్ అనే బోధకుడు చేసిన పనికిని ఆయన మిషను కాలేజీయే ఆధారము. 1727లో హాలే నమూనాను అనుసరించి రాజధానిలో అనాథాశ్రమము తెరిచాడు. 1728 అక్టోబరులో నగరములో నిప్పు పుట్టి నాలుగవ వంతుకు పైగా కాలిపోయింది. విశ్వవిద్యాలయపు గ్రంథాలయము బూడిదయింది.

చెప్పక విడువరానిది మరొకటి ఉన్నది. తూర్పున తరంగంబాడి ఎట్లో, పడమట సెయింట్ థామస్ అనే దీవి అట్లు డేన్లది. 1718లో, అంటే యెరూషలేము గుడి ప్రతిష్ఠ జరిగిన యేడే, పక్కనున్న సెయింట్ జాన్ దీవిని కూడ వారు ఆక్రమించారు. చెరకు తోటలలో పనికి ఆఫ్రికా తీరముననున్న క్రిస్టియన్స్‌బోర్గ్ కోటనుండి మనుష్యులను కొని ఓడలలో కుక్కి తీసికొనిపోయేవారు. ఇండియానుండి వెళ్లిన నూలుబట్టలు ఆ బేరములో ఒక సరుకు. అదంతయు రాజు ఇచ్చిన పట్టాతోనే జరిగేది. తరంగంబాడి ప్రజల ఆత్మలకు ఉత్తరవాదినని తలచిన రాజు ఆ దీవుల బానిసల కొరకు అట్టి మిషను పంపలేదు. ఆయన పోయిన తరువాత 1731లో కొడుకు పట్టాభిషేకమునకు వచ్చిన జింజెన్‌డోర్ఫ్ ప్రభువుకు సెయింట్ థామస్‌నుండి తేబడిన ఆంటన్ అనే నీగ్రో సేవకుడు తనవారి గోడు చెప్పుకొన్నాడు. దానివలన 1732లో మొరేవియను సహోదరులు ఇద్దరు ఆ దీవికి బయలుదేరారు. బానిసత్వము అచ్చట రద్దయినది 1848లో.

మన భాష విషయమైతే, జీగెన్‌బాల్గ్ మరణించిన సంవత్సరమే బెంజమిన్ షుల్జ్ తరంగంబాడి చేరారు. తరువాత మద్రాసు వెళ్లి అక్కడి తెలుగువారి నోట తెలుగు నేర్చుకొన్నారు. వ్యాకరణము రాశారు, బైబిలును తెలుగులోనికి మార్చారు. అది అచ్చు కాలేదు. జర్మనీకి తిరిగి వెళ్లిన తరువాత 1746, 1747 సంవత్సరములలో హాలేలో తెలుగు అక్షరములు పోతపోయించి ప్రశ్నోత్తరి మొదలైన చిన్న పుస్తకములు అచ్చు వేయించారు. తెలుగు అచ్చు చరిత్ర రాసేవారు ఆ చిన్న పుస్తకములతోనే మొదలుపెడతారు. వాటిని ఫ్రెడరిక్ చూడలేదు.

చివరి దినములలో ఆయనకు ఒళ్లు నీరు పట్టింది. తన తరువాత ఆన్నా సోఫీ గతి ఏమగునోనని దిగులు. ఆమెకు హాని చేయనని కుమారునిచేత సంతకము చేయించుకొన్నాడు. ప్రయాణములో ఉండగా 1730 అక్టోబరు 12వ తేదీన ఒడెన్సే పట్టణములో మరణించాడు. అంతకు ముందునాడే 59 నిండాయి. ఖజానాను మాత్రము తాను అందుకొన్నప్పటికంటె మంచి స్థితిలో విడిచిపోయాడు.

కుమారుడు ఆరవ క్రిస్టియన్ తండ్రికంటె కఠినమైన భక్తుడు. మిషనును తండ్రికంటె ఎక్కువ శ్రద్ధతో పోషించాడు. తరంగంబాడి 1845లో ఇంగ్లీషు కంపెనీకి అమ్ముడుపోయేవరకు ఆ వంశపు రాజుల క్రిందనే ఉన్నది. సవతి తల్లి విషయములో సంతకము చేసిన చేతితోనే ఆ కుమారుడు ఆమెకున్న ఆస్తులు తీసికొని ఆమెను క్లౌస్‌హోల్మ్ కోటకు పంపివేశాడు. ఆమె అక్కడ పదమూడు సంవత్సరములు ప్రార్థనలలో గడిపి 1743లో కన్ను మూసింది. రోస్కిల్డే పెద్ద గుడిలో బలిపీఠము వెనుక ఫ్రెడరిక్ శవపేటిక ఉన్నది. దాని ప్రక్కన లూయీజ్ రాణి పేటిక. ఆన్నా సోఫీని, ఆమె బిడ్డలను అదే గుడిలో దూరముగా ఒక ప్రక్క గదిలో పెట్టారు.